డేటాబేస్‌లోకి భారీ డేటా ఎక్కించడం, సరిచూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

లక్షల నుంచి కోట్ల వరుసలున్న ఫైళ్లను పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ డేటాబేస్‌లలోకి ఎక్కించేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. సగం ప్రశ్నలు టూల్ గురించి, మిగతా సగం డేటా గురించి.

ఇన్ని టూల్స్ ఉన్నాయి కదా, దేన్ని ఎంచుకోవాలి?

వేగం చూసి ఎంచుకోకండి. చెడ్డ వరుస ఎదురైతే ఆ టూల్ ఏం చేస్తుందో చూసి ఎంచుకోండి. కొన్ని టూల్స్ పని మొత్తం ఆపేస్తాయి. కొన్ని ఆ వరుసను పక్కన పెట్టి కారణం రాసి ఇస్తాయి. ఇంకొన్ని ఎవరికీ చెప్పకుండా విలువను మార్చేసి లోపలికి పంపేస్తాయి. మొదటి రెండు రకాలతో పని నడుస్తుంది. మూడో రకం చేసిన నష్టం మాత్రం ఎప్పుడో ఒక రిపోర్టులో లెక్క తేలనప్పుడు బయటపడుతుంది. అప్పటికి అసలు ఫైలు ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు.

ఆ తర్వాత చూడాల్సినవి: ఫైలు ఒక్కసారే వస్తుందా, రోజూ వస్తుందా? చెడ్డ వరుసలను ఎవరు దిద్దుతారు, మీరా, పంపినవాళ్లా? అదే ఫైలు పొరపాటున రెండుసార్లు ఎక్కితే ఏమవుతుంది? వీటికి జవాబులు దొరికితే టూల్ దాదాపు దానంతటదే తేలిపోతుంది. చాలా సందర్భాల్లో అది డేటాబేస్‌తో పాటు వచ్చే సొంత లోడరే అవుతుంది.

మామూలు ఇన్‌సర్ట్‌లతో ఎక్కిస్తే తప్పేంటి?

పది వేల వరుసల దాకా ఏమీ కాదు. అంతకు మించితే ఒక్కో వరుసకు నెట్‌వర్క్ మీద ఒకసారి వెళ్లి రావడం, ఒక్కో కమిట్‌కు (మార్పును ఖాయం చేయడానికి) డిస్క్ మీద రాత పూర్తయ్యేదాకా ఆగడం పేరుకుపోతాయి. ఒకే ఇన్‌సర్ట్‌లో వందల వరుసలు కలిపి పంపితే చాలా మెరుగు. అయితే పోస్ట్‌గ్రెస్‌లో ఒక స్టేట్‌మెంట్‌కు 65,535 పారామీటర్ల హద్దు ఉంది. 20 కాలమ్‌ల టేబుల్‌కు ఒక విడతలో 3,276 వరుసలకు మించి పంపలేరు. పరీక్షలో చిన్న ఫైలుతో నడిచిన ప్రోగ్రామ్ అసలు ఫైలు దగ్గర కూలిపోవడానికి తరచుగా ఇదే కారణం.

టెక్స్ట్ ఫైలు నుంచి లోడ్ డేటా ఆదేశంతో ఎక్కిస్తే ఇన్‌సర్ట్‌ల కన్నా సాధారణంగా 20 రెట్లు వేగమని మైఎస్‌క్యూఎల్ సొంత మాన్యువలే చెబుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో కాపీ ఆదేశం ఫైలు దొరకడం లేదంటోంది, ఎందుకు?

కాపీ ఆదేశం ఫైలును సర్వర్ మెషీన్ మీద వెతుకుతుంది, మీ ల్యాప్‌టాప్ మీద కాదు. సర్వర్ ఫైళ్లు చదవడానికి సూపర్‌యూజర్ హక్కో, దానికోసం ఉన్న ప్రత్యేక రోలో కావాలి. మీ దగ్గరున్న ఫైలు ఎక్కించాలంటే పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి రాసే కాపీ వాడండి. అది ఫైలును మీ వైపు చదివి సర్వర్‌కు పంపుతుంది. క్లౌడ్‌లో నడిచే పోస్ట్‌గ్రెస్‌కు ఇదే దారి.

ఒక్క చెడ్డ వరుసకు కాపీ మొత్తం వెనక్కి పోతోంది. దాటేసే మార్గం ఉందా?

2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17వ వెర్షన్ నుంచి ఉంది. ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ అనే ఆప్షన్ పెడితే చెడ్డ వరుసలను దాటేస్తుంది. లాగ్ వెర్బాసిటీని వెర్బోస్‌గా పెడితే ఏ లైనులో ఏ కాలమ్ తప్పో చెబుతుంది. 18వ వెర్షన్‌లో రిజెక్ట్ లిమిట్ చేరింది. ఇన్ని తప్పులు దాటితే ఆపేయమని చెప్పొచ్చు.

దీన్ని ఎంతవరకు నమ్మాలో మాత్రం తెలిసి ఉండాలి. ఇది దాటేసేది టైప్ మార్పిడి తప్పులనే, అంటే అంకె ఉండాల్సిన చోట అక్షరం రావడం లాంటివి. కాలమ్‌లు ఎక్కువైనా, తక్కువైనా, ప్రైమరీ కీ రెండుసార్లు వచ్చినా, చెక్ నిబంధన (విలువకు పెట్టిన షరతు) తప్పినా లోడ్ ఆగిపోతుంది. దాటేసిన వరుసలు టేబుల్‌గా చేతికి రావు, లాగ్‌లో ఏరుకోవాలి.

ఇంకో సంగతి. విఫలమైన కాపీ అప్పటిదాకా రాసిన వరుసలు కంటికి కనబడవు గానీ డిస్క్ మీద చోటు ఆక్రమించే ఉంటాయి. కోటి వరుసల ఫైలు 95 లక్షల దగ్గర పడిపోతే ఆ టేబుల్‌కు వాక్యూమ్ (పనికిరాని వరుసల చోటును ఖాళీ చేసే ఆదేశం) నడిపి, ఆ తర్వాతే మళ్లీ మొదలుపెట్టండి. లోడ్ ఎంతదాకా వచ్చిందో 14వ వెర్షన్ నుంచి కాపీ ప్రోగ్రెస్ వ్యూలో చూసుకోవచ్చు.

చెడ్డ వరుసలను తనే పక్కన పెట్టే టూల్ పోస్ట్‌గ్రెస్‌కు ఏదైనా ఉందా?

పీజీలోడర్ ఉంది. విడత విఫలమైతే దాన్ని చీల్చుకుంటూ వెళ్లి చెడ్డ వరుసను పట్టుకుంటుంది. తిరస్కరించిన డేటాను ఒక ఫైల్లో, కారణాలను ఇంకో ఫైల్లో రాస్తుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైళ్లతో పాటు డీబీఎఫ్ (డీబేస్) ఫైళ్లు, ఎస్‌క్యూలైట్, నేరుగా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను కూడా చదువుతుంది. మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారేవాళ్లు మొదట దీన్నే ప్రయత్నించాలి.

మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా ఏ తప్పూ చూపలేదు, కానీ విలువలు మారిపోయాయి. ఎలా?

లోకల్ అనే మాట చేర్చి ఉంటారు. లోకల్‌తో నడిపితే స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు విలువలను ఒప్పుకోని అమరికలో) కూడా తప్పులన్నీ హెచ్చరికలైపోతాయి. కీ మళ్లీ వచ్చిన వరుసలు రాలిపోతాయి, అంకెల కాలమ్‌లోని ఖాళీ సున్నా అవుతుంది, పొడవైన పేరు తెగిపోతుంది. లోడ్ మాత్రం విజయవంతమనే చెబుతుంది. పైన చెప్పిన మూడో రకం ఇదే. పైగా మైఎస్‌క్యూఎల్ 8.0లో హెచ్చరికల జాబితా మామూలుగా 1,024 దగ్గర ఆగిపోతుంది. అందుకని లోడ్ చివర వచ్చే రికార్డులు, తొలగించినవి, దాటేసినవి, హెచ్చరికలు అనే నాలుగు లెక్కలనూ ప్రతిసారీ దాచుకోండి. హెచ్చరికలు సున్నా కాకపోతే ఆ లోడ్‌ను ఒప్పుకోకండి.

8.0లో లోకల్ మొదటి నుంచే ఆపి ఉంటుంది. సర్వర్ మీదున్న ఫైలైతే సెక్యూర్ ఫైల్ ప్రివ్ అనే సెట్టింగ్ చూపే ఫోల్డర్‌లోనే ఉండాలి. పెద్ద ఫైలును ముక్కలుగా ఒకేసారి ఎక్కించాలంటే మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని ఇంపోర్ట్ టేబుల్ బాగుంటుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ లోడర్లలో ఏం జాగ్రత్త పడాలి?

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బీసీపీ అనే కమాండ్ లైన్ టూల్, బల్క్ ఇన్‌సర్ట్ ఆదేశం రెండూ చెక్, ఫారిన్ కీ (మరో టేబుల్‌లోని కీతో ముడి) నిబంధనలను మీరు అడిగితే తప్ప చూడవు. లోడ్ అయ్యాక ఆ నిబంధన టేబుల్ మీద ఉన్నట్టే కనిపిస్తుంది గానీ సర్వర్ దాన్ని నమ్మదగనిదిగా గుర్తు పెట్టుకుంటుంది. చెక్ కన్‌స్ట్రెయింట్స్ ఆప్షన్ పెట్టండి, లేదా లోడ్ తర్వాత నిబంధనను మళ్లీ సరిచూడమని ఆదేశించండి. బల్క్ ఇన్‌సర్ట్ మామూలుగా 10 తప్పుల దాకా ఓర్చుకుంటుంది. ఎర్రర్ ఫైలు పేరు ఇస్తే చెడ్డ వరుసలను అందులో రాస్తుంది.

ఒరాకిల్‌లోని ఎస్‌క్యూఎల్ లోడర్ ఈ విషయంలో పాతకాలపు మంచి పనిమంతుడు. తప్పు వరుసలకు బ్యాడ్ ఫైలు, షరతుకు సరిపోనివాటికి డిస్కార్డ్ ఫైలు, మొత్తానికి లాగ్ ఫైలు ఇస్తుంది. హద్దు చెప్పకపోతే 50 తప్పుల దాకా భరిస్తుంది. రెండు చోట్ల జనం దెబ్బతింటారు. ఒకటి, కంట్రోల్ ఫైల్లో ఫీల్డ్ పొడవు రాయకపోతే 255 అనుకుంటుంది. టేబుల్‌లో కాలమ్ 4,000 ఉన్నా సరే, పొడవైన చిరునామాలు తిరస్కరణకు గురవుతాయి. రెండు, డైరెక్ట్ పాత్‌లో (మామూలు ఇన్‌సర్ట్ దారి వదిలి నేరుగా డేటా ఫైళ్లలో రాసే పద్ధతిలో) యునీక్ ఇండెక్స్‌కు విరుద్ధమైన వరుసలూ లోపలికి వచ్చేస్తాయి, ఇండెక్స్ మాత్రం పనికిరాని స్థితిలో మిగిలిపోతుంది. డైరెక్ట్ పాత్ వాడాక ఇండెక్స్‌ల స్థితి చూడకుండా ముందుకు కదలకండి.

స్టేజింగ్ టేబుల్ నిజంగా అవసరమా? నేరుగా అసలు టేబుల్‌లోకే ఎక్కించొచ్చు కదా?

అవసరమే. స్టేజింగ్ టేబుల్ అంటే ఫైలును ముందుగా ఉన్నదున్నట్టు దించుకునే మధ్యంతర టేబుల్. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. లోడర్ పని ఎక్కించడం వరకే, సరిచూసే పని డేటాబేస్ లోపల ఎస్‌క్యూఎల్‌తో జరగాలి.

ముందు ఒక స్టేజింగ్ టేబుల్ తయారు చేయండి. ఫైల్లోని కాలమ్‌లన్నీ టెక్స్ట్ టైప్‌లోనే ఉండాలి, నాట్ నల్ (ఖాళీ ఉండకూడదన్న నిబంధన) కూడా వద్దు. దానికి మూడు కాలమ్‌లు చేర్చండి: తనంతట పెరిగే వరుస సంఖ్య, ఫైలు పేరు, లోడ్ సంఖ్య. కాపీ ఆదేశంలో ఫైలులోని కాలమ్‌ల పేర్లు మాత్రమే ఇస్తే మిగిలినవి డిఫాల్ట్‌తో నిండుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ టేబుల్‌ను అన్‌లాగ్డ్‌గా పెడితే వాల్ లాగ్ (మార్పులను ముందుగా నమోదు చేసే చిట్టా) రాత తగ్గి వేగం పెరుగుతుంది. సర్వర్ కూలితే టేబుల్ ఖాళీ అవుతుంది, ఫైలు మన దగ్గరే ఉంది కాబట్టి పరవాలేదు.

అన్నీ టెక్స్టే కాబట్టి టైప్ తప్పుతో లోడ్ ఆగదు. ఇంకా ఆగిందంటే కాలమ్‌ల సంఖ్యో, కోట్ గుర్తో, ఎన్‌కోడింగో చెడిందన్నమాట. ఆ ఫైలును పంపినవాళ్లకు తిప్పి పంపడమే మేలు.

ఇప్పుడు తనిఖీ. ఒక్కో నియమానికి ఒక్కో క్వెరీ రాసి, తప్పిన ప్రతి వరుసకూ రిజెక్ట్ టేబుల్‌లో లోడ్ సంఖ్య, వరుస సంఖ్య, కాలమ్ పేరు, ఉన్న విలువ, కారణం రాయండి. మొదటి తప్పు దగ్గరే ఆగిపోకండి. ఒక వరుసలో నాలుగు తప్పులుంటే నాలుగూ ఒకేసారి తెలియాలి. లేకపోతే పంపినవాళ్లు ఒక్కోటి దిద్ది నాలుగుసార్లు పంపుతారు. పోస్ట్‌గ్రెస్ 16 నుంచి ఒక టెక్స్ట్ ఫలానా టైప్‌కు పనికొస్తుందో లేదో ఎర్రర్ రాకుండా అడిగే పీజీ ఇన్‌పుట్ ఈజ్ వాలిడ్ అనే ఫంక్షన్ ఉంది. టైప్ తనిఖీలకు అంతకన్నా హాయైనది లేదు.

తిరస్కరణలు ఎంత శాతం దాటితే మొత్తం లోడ్ ఆపాలో డేటా యజమానితో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. కాలమ్‌లు ఒకటి పక్కకు జరిగిన ఫైల్లో దాదాపు ప్రతి వరుసా తప్పుతుంది. ఇంకా దారుణమేంటంటే, పేరు, తండ్రి పేరు తారుమారైన ఫైల్లో ఏదీ తప్పదు. అందుకే హెడర్‌లోని పేర్లను కూడా సరిపోల్చాలి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కాపీలో హెడర్ మ్యాచ్ ఆప్షన్ ఆ పని చేస్తుంది.

చివరగా, మంచి వరుసలను ఒకే ట్రాన్సాక్షన్‌లో టైప్ మార్చి అసలు టేబుల్‌లోకి పంపండి.

ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసిన సీఎస్‌వీతో ఏం ప్రమాదం?

చాలా ఉంది, అదీ మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యే రకం. జనరల్ ఫార్మాట్‌లో 11 అంకెలు దాటిన సంఖ్యను ఎక్సెల్ ఘాతాంక రూపంలో చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు కంటికి కనిపించేదే ఫైలులోకి వెళ్తుంది. 12 అంకెల ఆధార్ నంబరులో మొదటి కొన్ని అంకెలే మిగిలి తక్కినవి శాశ్వతంగా పోతాయి. బ్యాంకు ఖాతా నంబర్లది ఇంకో బాధ. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నాలు పెడుతుంది. నంబరు ముందున్న సున్నాలు రాలిపోతాయి. ఒక షీటులో 10,48,576 వరుసలే పడతాయి కాబట్టి అంతకన్నా పెద్ద ఫైలును తెరిచి సేవ్ చేస్తే మిగిలినవి గల్లంతే.

డేటాబేస్‌లో ఎంత తనిఖీ చేసినా పోయిన అంకెలు తిరిగి రావు. కాబట్టి ఫైలు పుట్టిన సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా ఎగుమతి చేయమని అడగండి. ఎక్సెల్ తప్పదంటే ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకుండా డేటా మెనూలోని టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే దారిలో ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. స్టేజింగ్‌లో ఒక క్వెరీ తప్పకుండా పెట్టండి: నంబరు కాలమ్‌లో ఘాతాంకపు ఈ అక్షరం గానీ, చుక్క గానీ ఉందా అని.

తేదీలు ఎందుకు సగం తప్పు, సగం ఒప్పుగా వస్తాయి?

మనం రోజు, నెల, సంవత్సరం అని రాస్తాం. పోస్ట్‌గ్రెస్ అమెరికా అమరికలో ఉంటే నెలను ముందు చదువుతుంది. 25/04/2024 దగ్గర ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే 25వ నెల లేదు. 05/04/2024ను మాత్రం మే 4గా నిశ్శబ్దంగా తీసుకుంటుంది. అంటే 12 లోపు రోజులున్న తేదీలన్నీ, రోజూ నెలా ఒకటే అయినవి తప్ప, మారిపోయి లోపల కూర్చుంటాయి. ఎర్రర్ వచ్చిన వరుసలను మాత్రమే దిద్ది ఊరుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

తేదీని టెక్స్ట్‌గానే తెచ్చుకుని, ఫార్మాట్ స్పష్టంగా చెప్పి టు డేట్‌తో మార్చండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి అది ఫిబ్రవరి 31 లాంటివాటిని ఒప్పుకోదు. ఆపైన హేతుబద్ధత చూడండి: పుట్టిన తేదీ భవిష్యత్తులో ఉందా, 1900కు ముందుందా, ఒకే తేదీ వేలసార్లు వచ్చిందా. జనవరి 1 కుప్పలుగా కనిపిస్తే అది తెలియని పుట్టిన తేదీకి బదులు పెట్టిన తేదీ అయ్యుండొచ్చు.

తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారాయి. ఎక్కడ చెడింది?

ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరం అప్పటికే పోయింది, మళ్లీ ఎక్కించాల్సిందే. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినా, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌చార్ బదులు మామూలు వార్‌చార్ కాలమ్ పెట్టినా ఇలా అవుతుంది. సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే అక్షరాలు నిలుస్తాయి. అయితే ఫైలు మొదట్లో మూడు బైట్ల బామ్ గుర్తు (ఎన్‌కోడింగ్‌ను సూచించేది) చేరుతుంది. అది మొదటి కాలమ్ పేరుకు అంటుకుని, కంటికి ఒకేలా కనిపించే పేరు సరిపోలడం లేదంటుంది. లోడ్‌కు ముందే తీసేయండి.

పొడవు లెక్క కూడా చూసుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న గుర్తు) ఒక్కోటి 3 బైట్లు, గుణింతపు గుర్తూ పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. విశాఖపట్టణం అనే మాట 11 కోడ్ పాయింట్లు, 33 బైట్లు. ఒరాకిల్‌లో వార్‌చార్2 30 అంటే మామూలుగా 30 బైట్లు, ఆ మాట పట్టదు. కాలమ్ తయారుచేసేటప్పుడే పొడవును క్యారెక్టర్లలో చెప్పండి. పోస్ట్‌గ్రెస్‌లో అది ఎప్పుడూ క్యారెక్టర్ల లెక్కే.

ఒకేలా కనిపించే రెండు పేర్లు సమానం కావడం లేదంటే మధ్యలో కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉండొచ్చు, లేదా ఐత్వాన్ని ఒకచోట ఒకే గుర్తుగా, ఇంకోచోట ఎత్వం, ఐ పొడవు గుర్తు అనే రెండుగా టైప్ చేసి ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో రెండోది సరిపోతుంది. జడ్‌డబ్ల్యూఎన్‌జేను అసలు విలువ నుంచి తీసేయకండి, ఇంటిపేర్ల రూపం మారిపోతుంది. పోల్చడానికి వేరే కాలమ్ పెట్టి అందులో తీసేయండి.

పాత అను ఫాంట్లలో టైప్ చేసిన డేటా యూనికోడ్ కాదు. దాన్ని ముందుగా కన్వర్టర్‌తో మార్చి, కొన్ని వందల పేర్లను తెలుగు బాగా చదివే మనిషి చేత చూపించి, ఆ తర్వాతే లోడ్ దాకా తెండి.

ఆకృతి సరిగ్గా ఉంటే నంబరు సరైనదే అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 గుర్తులు: నాలుగు అక్షరాలు, ఒక సున్నా, ఆరు గుర్తుల శాఖ కోడ్. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్‌లు ఆకృతి పరీక్షలో హాయిగా నెగ్గుతాయి, డబ్బు మాత్రం వెళ్లదు. అంటే తాజా జాబితాతో జాయిన్ చేసి చూడాల్సిందే.

ఆధార్‌కు 12 అంకెలు, మొదటిది 0 గానీ 1 గానీ కాదు, చివరిది వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టే తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది. అయితే ఆధార్ నంబర్లను నిల్వ చేసే అధికారం మీ సంస్థకు ఉందో లేదో ముందు తేల్చుకోండి. స్టేజింగ్, రిజెక్ట్ టేబుళ్లలో కూడా ఆ నంబర్లు పడి ఉంటాయని మరవకండి. జీఎస్‌టీ నంబరుకు 15 గుర్తులు, తెలంగాణవి 36తో, ఆంధ్రప్రదేశ్‌వి 37తో మొదలవుతాయి, 3 నుంచి 12 దాకా ఉన్నది పాన్. పాన్ కాలమ్ కూడా ఫైల్లో ఉంటే రెండూ సరిపోలాయో లేదో చూడండి.

జిల్లా పేర్లు సరిపోలడం లేదు. ఒక జాబితా పెట్టుకుంటే చాలదా?

ఒక జాబితా చాలదు, కాలంతో కూడిన జాబితా కావాలి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. వరంగల్ దగ్గర మరీ జాగ్రత్త. 2016కు ముందు వరంగల్ అంటే ఉమ్మడి జిల్లా. ఆ తర్వాత అర్బన్, రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఒకే మాట, రెండు వేర్వేరు ప్రాంతాలు. కాబట్టి జిల్లా టేబుల్‌లో పేరుతో పాటు ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అనే రెండు తేదీలు పెట్టి, రికార్డు తేదీతో కలిపి జాయిన్ చేయండి.

పైథాన్‌లో పాండాస్ (పట్టికల డేటాతో పనిచేసే లైబ్రరీ)తో చేసేయొచ్చా?

ఫైలు మెమరీలో పడితే, కొన్ని జాగ్రత్తలతో చేయొచ్చు. మధ్యలో ఖాళీలున్న పూర్ణాంకాల కాలమ్‌ను పాండాస్ దశాంశంగా మార్చేస్తుంది, పిన్ కోడ్ 500001.0 అయిపోతుంది. అన్ని కాలమ్‌లనూ స్ట్రింగ్‌గా చదవమనండి, ఎన్‌ఏ లాంటి మాటలను ఖాళీగా తీసుకోవద్దని కూడా చెప్పండి. టు ఎస్‌క్యూఎల్ పద్ధతి పెద్ద టేబుళ్లకు నెమ్మది. పోస్ట్‌గ్రెస్ అయితే డ్రైవర్ ద్వారా కాపీనే పిలవండి.

పెద్ద సీఎస్‌వీని ఎక్కించకముందే పరిశీలించాలంటే మాత్రం పాండాస్ కన్నా డక్‌డీబీ (ఫైళ్ల మీద నేరుగా ఎస్‌క్యూఎల్ నడిపే చిన్న డేటాబేస్) మేలు. స్టోర్ రిజెక్ట్స్ ఆప్షన్ పెడితే చెడ్డ లైన్లను, కారణాలను రెండు టేబుళ్లలో ఇస్తుంది. అయితే టైప్‌లను మొదటి 20,480 వరుసల నమూనా చూసి ఊహిస్తుంది. అందుకని అన్నీ వార్‌చార్‌గా చదవమని చెప్పడం మంచిది.

గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్, డీబీటీ లాంటివి కావాలా?

డేటా నియమాలను రాసి పెట్టుకుని పరీక్షించడానికి వాడే టూల్స్ ఇవి. ఒక్కసారి ఎక్కించే ఫైలుకు వద్దు. రోజూ వచ్చే ఫైళ్లు, పదుల టేబుళ్లు, నలుగురైదుగురి జట్టు ఉన్నప్పుడు నియమాలు ఒకచోట రాసి ఉండటం, ఫలితాలు చరిత్రగా మిగలడం విలువైనవి. జట్టుకు ఎస్‌క్యూఎల్ బాగా వస్తే డీబీటీ పరీక్షలు, పైథాన్ వస్తే గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ లేదా పాండెరా.

ఇండెక్స్‌లు తీసేసి ఎక్కించాలా?

ఖాళీ టేబుల్‌కైతే లోడ్ అయ్యాకే ఇండెక్స్‌లు కట్టండి. 50 కోట్ల వరుసలున్న టేబుల్‌కు 5 లక్షలు చేరుస్తుంటే ముట్టుకోకండి, తిరిగి కట్టడానికే ఎక్కువ సమయం పడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్స్ కట్టే సెషన్‌కు మెయింటెనెన్స్ వర్క్ మెమ్‌ను 64 ఎంబీ నుంచి 1 జీబీకి, లోడ్ సమయంలో మ్యాక్స్ వాల్ సైజ్‌ను 1 జీబీ నుంచి 8 లేదా 16 జీబీకి పెంచితే తేడా కనిపిస్తుంది. ఫారిన్ కీని నాట్ వాలిడ్‌గా (పాత వరుసలను అప్పుడే సరిచూడకుండా) చేర్చి, తర్వాత వాలిడేట్ చేస్తే టేబుల్ ఎక్కువసేపు లాక్ కాదు.

అదే ఫైలు రెండోసారి ఎక్కితే?

ఫైలు హ్యాష్‌ను (ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టే గుర్తింపు విలువను) లోడ్‌ల వివరాలు రాసుకునే టేబుల్‌లో యునీక్‌గా దాచుకుంటే రెండోసారి మొదట్లోనే ఆగిపోతుంది. దిద్దిన ఫైలు మళ్లీ వస్తే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్‌తో (కీ ఇప్పటికే ఉంటే ఆ వరుసను మార్చే ఇన్‌సర్ట్‌తో) కలపండి. ఒకే విడతలో ఒకే కీ రెండుసార్లుంటే పోస్ట్‌గ్రెస్ ఒకే వరుసను రెండుసార్లు మార్చలేనని ఎర్రర్ ఇస్తుంది. ముందుగా స్టేజింగ్‌లో కీకి ఒక వరుసే మిగల్చాలి. ఏది మిగలాలన్నది డేటా యజమాని చెప్పాలి, ప్రోగ్రామర్ కాదు.

అంతా సరిగ్గా ఎక్కిందని ఎలా నిర్ధారించాలి?

ఫైలులోని రికార్డుల సంఖ్య, మంచివి, తిరస్కరించినవి కలిపిన సంఖ్య సమానం కావాలి. ఫైలు లెక్కకు లైన్లు లెక్కపెట్టే కమాండ్ వాడకండి. చిరునామాలో ఎంటర్ కొట్టి ఉంటే ఒక రికార్డు రెండు మూడు లైన్లు అవుతుంది. ఇదే కారణంగా పెద్ద సీఎస్‌వీని లైన్ల లెక్కన ముక్కలు చేయకూడదు, కోట్ గుర్తులు అర్థం చేసుకునే టూల్‌తోనే విడగొట్టాలి. సంఖ్య సరిపోతే సొమ్ము కాలమ్‌ల మొత్తాన్ని పంపినవాళ్లు ఇచ్చిన మొత్తంతో, జిల్లాల వారీ లెక్కను కిందటి నెల లెక్కతో పోల్చండి.

పని ముగించేముందు అనలైజ్ నడపండి, లేకపోతే పాత గణాంకాలతో క్వెరీలు నెమ్మదిస్తాయి. ఐడీలను ఫైలు నుంచే తెచ్చి ఉంటే సీక్వెన్స్‌ను (కొత్త ఐడీలిచ్చే లెక్కను) అతి పెద్ద ఐడీకి జరపండి. ఇది మరిచిపోతే మర్నాడు అప్లికేషన్ నుంచి చేర్చే మొదటి రికార్డే డూప్లికేట్ కీ అంటూ ఆగిపోతుంది.